లక్ష రూపాయలకి ఒక సెకను

"ఎందుకైనా మంచిది, పైది తీసుకుందాం" అనే మాట మన సాఫ్ట్‌వేర్ వాళ్ళు అన్నన్ని సార్లు ఇంకెవరూ అనరనుకుంటా. ల్యాప్‌టాప్ అయితే ర్యామ్ ఎక్కువున్నది, ఫోన్ అయితే స్టోరేజీ ఎక్కువున్నది, ఇంటికి ఇంటర్నెట్ కనెక్షన్ అయితే వాడేది యాభై అయినా కొనేది మూడొందల ఎంబీపీఎస్ ది. ఇక్కడిదాకా పోయేది వేలల్లోనే కాబట్టి ఎవరూ లెక్కలు వెయ్యరు. కారు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ "పైది" లక్షల్లో పలుకుతుంది.

2023 లో నేను కారు కొనాలనుకున్నప్పుడు ఈ ప్రశ్న చాలా శుభ్రంగా ఎదురైంది. మారుతి ఫ్రాంక్స్ ఆ ఏడాది ఏప్రిల్‌లో వచ్చింది. అందులో డెల్టా ప్లస్ అనే ఒకే వేరియంట్‌ని రెండు ఇంజన్లతో అమ్మారు. 1.2 లీటర్ల మామూలు పెట్రోల్ ఇంజన్‌తో ఎక్స్‌షోరూమ్ 8.72 లక్షలు, 1.0 లీటరు టర్బో ఇంజన్‌తో 9.72 లక్షలు. రెండూ మాన్యువల్ గేర్లే. తేడా అంతా ఇంజన్‌లోనే, ఖరీదు సరిగ్గా లక్ష. మామూలుగా కంపెనీల వాళ్ళు ఇలా దొరకరు. పెద్ద ఇంజన్ కావాలంటే పై వేరియంట్ కొనమంటారు, దానితోపాటు సన్‌రూఫూ, పెద్ద స్క్రీనూ, రంగురంగుల లైట్లూ మూటగట్టి అంటగడతారు. అందులో ఇంజన్ వాటా ఎంతో విడదీసి చూడలేం. ఇక్కడ మాత్రం ధర విడిగా కనిపిస్తోంది కాబట్టి, అలవాటు కొద్దీ ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచాను.

ముందు మా ఇంటి సంగతి. అమ్మానాన్నలు ఉండేది హన్మకొండ, నా ఉద్యోగం హైదరాబాదు. నెలకి రెండు సార్లు అటూ ఇటూ తిరగాలి. మా అత్తగారిది ఏటూరునాగారం వైపు. ములుగు దాటి తాడ్వాయి అడవి మధ్యలోంచి వెళ్ళాలి. ఏడాదికి మూడు సార్లు ఆ ప్రయాణం తప్పదు, పిల్లలతో సహా. మొత్తం కలిపితే ఏడాదికి దాదాపు 12,000 కిలోమీటర్లు.

షోరూమ్ కుర్రాడికి ఈ గొడవంతా అక్కర్లేకపోయింది. "సార్, సాఫ్ట్‌వేర్ కదా మీరు, టర్బోకే పోండి సార్, తరవాత ఫీలవుతరు" అని తేల్చేశాడు. బాపు అయితే బ్రోచర్‌లో అంకెలు చూసి "తొంబై గుర్రాలకు నూరు గుర్రాలకు ఏం ఫరక్ రా? పది గుర్రాల కోసం లక్ష రూపాలా? గా లక్షల మీ అమ్మకు జత గాజులొస్తయ్" అన్నాడు. (అమ్మ ఈ వాదన పూర్తిగా బాగుందంది.)

బాపు అడిగిన ప్రశ్నలో పాయింటుంది. బ్రోచర్ ప్రకారం 1.2 ఇంజన్ దాదాపు 90 హార్స్‌పవర్, టర్బో 100. అంత కొద్ది తేడాకి లక్షేమిటి అనిపిస్తుంది. కానీ ఆ పెద్ద అంకె ఇంజన్ అరిచి గీపెట్టే వేగంలో, ఐదున్నర ఆరు వేల ఆర్‌పీఎమ్ దగ్గర వచ్చేది. మనలో ఎంతమంది కారుని అక్కడిదాకా తీసుకెళ్తాం? చూడాల్సింది టార్క్ అంకె. 1.2 లో 113 న్యూటన్ మీటర్లు, అది కూడా 4,400 ఆర్‌పీఎమ్ దగ్గర. టర్బోలో 147.6, అదీ 2,000 దగ్గరే మొదలై 4,500 దాకా అలాగే ఉంటుంది. శక్తి అంటే టార్క్‌ని తిరిగే వేగంతో గుణిస్తే వచ్చేదే కదా. 2,000 ఆర్‌పీఎమ్ దగ్గర లెక్కగడితే టర్బో చేతిలో 42 గుర్రాలుంటాయి. 1.2 కి అక్కడ ఓ 100 న్యూటన్ మీటర్లు ఉంటాయనుకున్నా 28 గుర్రాలే. అంటే బ్రోచర్ మీద పది శాతంగా కనిపించే తేడా, మనం రోజూ నడిపే చోట యాభై శాతం అన్నమాట. షోరూమ్ కుర్రాడు ఈ ముక్క చెప్పి ఉంటే అక్కడే సంతకం పెట్టేసేవాణ్ణేమో!

అయితే ఆ యాభై శాతం మనకి అసలు ఎప్పుడు అవసరం?

ఇది నాకు చాలా ఆశ్చర్యం కలిగించిన లెక్క, అందుకే కాస్త వివరంగా చెప్తాను. మనుషులతో సహా 1,300 కిలోల బరువున్న చిన్న కారు చదును రోడ్డు మీద గంటకి 60 కిలోమీటర్ల వేగంతో నిలకడగా పోవడానికి ఎంత శక్తి కావాలి? టైర్ల రాపిడి, గాలి ఒత్తిడి రెండూ కలిపినా ఆరేడు గుర్రాలు చాలు. 100 మీద పోవడానికి దాదాపు 20. గాలి వల్ల ఖర్చయ్యే శక్తి వేగానికి ఘనంగా పెరుగుతుంది కాబట్టి ఆరు నుంచి ఇరవైకి పోయింది, అయినా ఇరవయ్యే. ఏసీకి మరి కొంత కలుపుకోండి. 1983 డిసెంబరులో మొదలైన మారుతి 800 లో ఉన్నవి నలభై గుర్రాల లోపే, 796 సీసీ. మా బాబాయి దానిలో ఆరుగురిని ఎక్కించుకుని పైన క్యారియర్ మీద హోల్డాల్ కట్టుకుని హన్మకొండ నుంచి తిరుపతి పోయొచ్చాడు. కొండ కూడా ఎక్కాడు. ఎలా ఎక్కాడో అని ఇప్పుడు వింతగా అనిపిస్తుంది గానీ, ఫిజిక్స్ ప్రకారం వింతేమీ లేదు.

కాబట్టి 90 గుర్రాల కారులో మామూలు ప్రయాణంలో డెబ్భై గుర్రాలు ఊరికే నిలబడి గడ్డి తింటూ ఉంటాయి. వాటికి పని పడేది వేగం పెంచాల్సిన ఆ కొద్ది సెకన్లలోనే. ఇది మనకి బాగా తెలిసిన వ్యవహారమే. సర్వర్ సైజు సగటు లోడ్‌ని బట్టి కాదు, పీక్ లోడ్‌ని బట్టి నిర్ణయిస్తాం. అయితే ఆ పీక్ ఎన్నిసార్లు వస్తుంది, వచ్చినప్పుడు రిక్వెస్టుని కాసేపు క్యూలో కూర్చోబెడితే కొంప మునుగుతుందా అన్నది కూడా అడుగుతాం కదా. కారు విషయంలో ఆ రెండో ప్రశ్న ఎవరూ అడగరు.

ఇప్పుడు రోడ్డు. హైదరాబాదు-వరంగల్ రోడ్డు ఒకప్పుడు ఎలా ఉండేదో మా వయసు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి, ఆలేరు, జనగామ, స్టేషన్ ఘన్‌పూర్... ఒక్కో ఊరూ మధ్యలోంచి పోతూ, రెండు లైన్ల రోడ్డు మీద ఎదురుగా వచ్చే ఆర్టీసీ బస్సు డ్రైవరు కళ్ళలోకి చూస్తూ ఓవర్‌టేక్ చెయ్యాల్సి వచ్చేది. అప్పట్లో ఇంజన్‌లో దమ్ముండటం అంటే సోకు కాదు. 2010 తరవాత రెండు విడతల్లో, ముందు రాయగిరి దాకా, ఆ తరవాత హన్మకొండ వైపు, ఆ రోడ్డు ఫోర్‌లేన్ అయింది. గూడూరు దగ్గరొకటి, కోమల్ల దగ్గరొకటి టోల్ కడతాం. నన్నడిగితే ఆ టోల్ రసీదు ఒక టర్బో ఇంజన్‌కి కట్టే అద్దె. డివైడర్ ఉన్న రోడ్డు మీద లారీని దాటడానికి ఆరు సెకన్లు పట్టినా పన్నెండు పట్టినా ఎదురొచ్చి గుద్దేవాడు లేడు. పైగా డివైడర్ ఉన్న ఫోర్‌లేన్ రోడ్ల మీద కార్లకి కేంద్రం 2018 లో పెట్టిన గరిష్ఠ వేగం గంటకి 100. దానికి ఇరవై గుర్రాలు చాలని ఇందాకే అనుకున్నాం.

ఇక ఊళ్ళో. హన్మకొండ చౌరస్తాలోనో, కాజీపేట ఫాతిమా బ్రిడ్జి మీదో సాయంత్రం ఆరింటికి రెండో గేరులో 1,300 ఆర్‌పీఎమ్ దగ్గర దేకుతున్నప్పుడు టర్బో ఇంకా నిద్రలోనే ఉంటుంది. అక్కడ నాకు 1.2 ఇంజనే నునుపుగా అనిపించింది. (టెస్ట్ డ్రైవ్‌కి షోరూమ్ వాళ్ళు ఖాళీ రోడ్డు మీద ఒక్కళ్ళనే తిప్పి తీసుకొస్తారు. ఒప్పుకోకండి. నలుగురు ఎక్కి, ఏసీ వేసి, బ్రిడ్జి ఎక్కుతూ మధ్యలో ఆగి మళ్ళీ కదిలించి చూడండి.)

పికప్ మీద మోజున్న మిత్రులు చెప్పే రైలు లాంటి సాఫీ ప్రయాణమే కావాలంటే అసలు రైలే ఉంది. డబ్ల్యూఏపీ-7 లాంటి ఎలక్ట్రిక్ ఇంజన్‌కి ఆరు వేల పైచిలుకు గుర్రాలు. కాజీపేటలో ఎక్కితే ఆ మందంతా మన టికెట్టు డబ్బులకే లాగుతుంది :)

సరే, ఖర్చు. తేడా లక్షేనా అంటే కాదు. తెలంగాణలో 2022 మేలో లైఫ్ ట్యాక్స్ పెంచాక 5 నుంచి 10 లక్షల కార్లకి 14 శాతం, 10 దాటితే 17 శాతం అయింది. లక్ష మీద 14 వేలు అక్కడే పోయాయి. అదే టర్బోలో ఇంకో మెట్టు పైకెళ్ళి జెటా తీసుకుందామా అనుకుంటే ధర 10.55 లక్షలు. కారు ధర 83 వేలు పెరిగితే ట్యాక్స్ 43 వేలు పెరుగుతుంది, ఎందుకంటే మొత్తం ధరంతా కొత్త స్లాబులోకి పోతుంది. మన ఇన్‌కమ్ ట్యాక్స్‌లా పైన ఉన్న ముక్కకే కాదు. ఇది తెలియక షోరూమ్‌లో ఆన్‌రోడ్ ధర చూసి గతుక్కుమన్న వాళ్ళు నాకు తెలుసు.

ఇందులో ఒక తమాషా కూడా ఉంది. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ సీసీని బట్టి కడతారు. 2022 జూన్ నుంచి అమలైన రేట్ల ప్రకారం కొత్త కారుకి మూడేళ్ళ ప్రీమియం 1,000 సీసీ లోపయితే 6,521 రూపాయలు, ఆ పైన 1,500 దాకా 10,640. టర్బో 998 సీసీ, మామూలుది 1,197 సీసీ. అంటే ఎక్కువ బలమున్న ఇంజన్‌కి తక్కువ ప్రీమియం! మన ప్రభుత్వాలు గుర్రాల్ని లెక్కపెట్టవు, సీసీనీ పొడవునీ కొలుస్తాయి. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,200 సీసీ లోపు పెట్రోల్ ఇంజన్ ఉన్న కార్లకి ఎక్సైజు 24 నుంచి 16 శాతానికి తగ్గించినప్పటి నుంచి అదే తంతు. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 18 శాతమా 40 శాతమా అని తేల్చిందీ ఆ గీతలే. ఫ్రాంక్స్ పొడవు 3,995 మిల్లీమీటర్లు. ఆ అయిదు మిల్లీమీటర్లు ఎవరో బాగా కష్టపడి మిగిల్చారు. చిన్న ఇంజన్‌కి టర్బో తగిలించి పెద్ద ఇంజన్ పని చేయించడం మన దేశంలో ఇంతలా పెరగడానికి ఇంజనీరింగ్ ఎంత కారణమో ఈ టేపు కొలత కూడా అంతే కారణం.

పెట్రోల్ సంగతికొస్తే, కాగితం మీద పెద్ద తేడా లేదు, లీటరుకి 21.79 ఒకటి, 21.5 ఇంకొకటి. కానీ టర్బో కొన్నవాడు దాన్ని తొక్కకుండా ఉంటాడా? తొక్కడానికే కదా కొన్నది. నేను 18, 16 అని వేసుకున్నాను. ఏడాదికి 83 లీటర్లు ఎక్కువ. అప్పట్లో హైదరాబాదులో లీటరు 109 రూపాయల 66 పైసలు, అంటే దాదాపు 9 వేలు, అయిదేళ్ళకి 45 వేలు. ఇన్సూరెన్స్‌లో మిగిలే నాలుగు వేలు తీసేస్తే మొత్తం మీద టర్బో ఖరీదు నాకు అయిదేళ్ళలో 1,55,000 రూపాయలు. లోన్ వడ్డీ కలపలేదు.

ఈ లక్షన్నరకి నేను కొనేదేమిటి? ఫోర్‌లేన్ మీదా ఊళ్ళోనూ ఏమీ లేదని తేలింది. మిగిలింది ములుగు వైపు రోడ్డు. గట్టమ్మ దగ్గర ఆగి దండం పెట్టుకుని, ములుగు దాటి అడవిలోకి వెళ్ళాక రెండు లైన్లే, మలుపులు, గోదావరి ఇసుక లారీలు. అక్కడ ఒక ఓవర్‌టేక్‌ని లెక్కగడదాం. లారీ 50 మీద పోతోంది, మనం దాని వెనకే 50 మీద ఉన్నాం. లారీ పొడవు, ముందూ వెనకా వదలాల్సిన జాగా కలిపి మనం దానికంటే 40 మీటర్లు ఎక్కువ పోవాలి. మూడో గేరులో వేసి తొక్కితే 1.2 కి సెకనుకి 1.5 మీటర్ల చొప్పున, టర్బోకి 2 మీటర్ల చొప్పున వేగం పెరుగుతుందనుకుంటే, మొదటి దానికి 7.3 సెకన్లు, రెండో దానికి 6.3. తేడా ఒక్క సెకను! ఎదురుగా బండి 80 మీద వస్తోందనుకుంటే, మొదటి కారుకి ముందు 300 మీటర్ల ఖాళీ కనిపించాలి, రెండో దానికి 270.

ఈ రెండు అంకెల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. 300 మీటర్లు కనిపించే చోట రెండు కార్లూ దాటుతాయి. 200 మీటర్లే కనిపించే మలుపులో రెండూ దాటకూడదు. టర్బో నాకు కొత్తగా ఇచ్చేది 270 కి 300 కి మధ్యనున్న ఆ ముప్ఫై మీటర్లు. ఆ దూరాన్ని స్టీరింగ్ వెనక కూర్చుని కళ్ళతో కొలవగలిగిన మొనగాడు ఎవడు? మామూలు కారులో "వద్దులే" అనుకునే చోట టర్బోలో "పోవచ్చేమో" అనిపిస్తుంది, అంతే. నాతో చదువుకున్న వాడొకడు 2007 లో, జనగామ ఇవతల, రోడ్డు ఇంకా రెండు లైన్లుగా ఉన్నప్పుడే, ఒక లారీని దాటుతూ పోయాడు. మా అందరిలోకీ బలమైన డీజిల్ కారు వాడిదే. పండక్కి ఇంటికి వస్తున్నాడు. ఆ కారు పికప్ గురించి వాడు చెప్పిన మాటలు మా అందరికీ ఇప్పటికీ నోటికొచ్చు. వాడి విషయంలో కారణం ఇంజనే అనను, అక్కడ ఏం జరిగిందో చూసినవాళ్ళు లేరు. ఇంజన్ బలం చాలకపోవడం మాత్రం కాదు.

సరే, అయినా ఆ ఒక్క సెకనుకి విలువ లేదని అనలేం. ఎన్నిసార్లు వాడతానో లెక్కేశాను. ఏడాదికి మూడు ప్రయాణాలు, రానూ పోనూ 660 కిలోమీటర్లు, అయిదు కిలోమీటర్లకి ఒక ఓవర్‌టేక్ చొప్పున 130. అయిదేళ్ళకి 650. లక్షన్నరని దానితో భాగిస్తే ఒక్కో సెకను 240 రూపాయలు. లారీ వెనక ఓపిగ్గా పోతే ఏటూరునాగారం ఓ పాతిక నిమిషాలు ఆలస్యంగా చేరతాం. అక్కడ మా అత్తగారు తప్ప ఎవరూ గడియారం చూడరు.

1.2 కొన్నాను. నాలుగో గేరులో బద్ధకంగా తొక్కి "లాగట్లేదు" అనేవాళ్ళకి అది నిజంగానే లాగదు. మూడుకి దించితే లాగుతుంది. గేరు దించడానికి డబ్బులు తీసుకోరు.

కథ ఇక్కడితో అయిపోయేదే గానీ, ఆర్నెల్ల తరవాత మా బావమరిది ఫోన్ చేశాడు. వాడు భూపాలపల్లిలో సింగరేణి ఉద్యోగి. పిల్లల చదువుల కోసం కాపురం హన్మకొండలో పెట్టి, రోజూ పరకాల మీదుగా తిరుగుతాడు. ఇంకో ముగ్గురు సహోద్యోగులు కలిసి వస్తారు, పెట్రోల్ పంచుకుంటారు. "బావా, నువ్వు 1.2 తీసుకున్నవు గదా, నేను గూడ అదే తీసుకుంట" అన్నాడు. ఆగమని చెప్పి అదే షీట్‌లో వాడి అంకెలు వేశాను. రోజుకి 130 కిలోమీటర్లు, ఏడాదికి 280 రోజులు, ఎప్పుడూ కారు నిండా మనుషులు, రోడ్డంతా బొగ్గు లారీలు. పెట్రోల్ ఖర్చు తేడా ఒక్కటే అయిదేళ్ళకి దాదాపు 1,39,000 వస్తోంది, కారు తేడా, లైఫ్ ట్యాక్స్ కలిపితే మొత్తం రెండున్నర లక్షలు. నాకయ్యే దానికంటే లక్ష ఎక్కువ! కానీ వాడి ఓవర్‌టేకులు రోజుకి 26. అయిదేళ్ళకి 36,000 పైనే. ఒక్కో సెకను ఏడు రూపాయలు, అదీ నలుగురు పంచుకుంటే రెండు రూపాయల లోపు. రోజూ పొద్దున చీకట్లో, రాత్రి డ్యూటీ నిద్రమొహంతో ఆ రోడ్డు మీద తిరిగేవాడు ఎదుటి లైనులో గడిపే కాలాన్ని రోజుకి 26 సెకన్లు తగ్గించుకోవడానికి అది ఎక్కువ కాదు. టర్బో తీసుకోరా అని చెప్పాను, ఆ ముప్ఫై మీటర్ల సంగతి కూడా చెప్పాను. "నాకు సరిపోనిది నీకెట్ల చెప్తున్నవ్ బావా" అని అనుమానంగానే తీసుకున్నాడు.

మొన్న దసరాకి కలిసినప్పుడు మైలేజీ పదిహేను దాటట్లేదని గొడవ. పదహారు అని కదా షీట్‌లో వేశావు, మిగతా ఒక్క కిలోమీటరు ఎవడు తిన్నాడు అని నిలదీశాడు. వెనక సీట్లో కూర్చునే వాళ్ళ ముగ్గురి బరువులూ కనుక్కుని పంపమన్నాను. ఇంకా పంపలేదు.